గురువారం ఆరు నిమిషాలు

నవంబరు 4, సోమవారం

కొత్త ఫైలు వచ్చింది. స్టెనెరుడ్ కేసు. కేసు వీగిపోయింది. ఇక తేలాల్సింది ఫీజులు మాత్రమే.

నాకు ఇలాంటివే నయం. సాక్షులు రారు, ఎవరూ ఏడవరు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. తలుపు వేసుకుని చదువుకోవడమే. సిస్టర్లు నడిపే కాన్వెంటు బడిలో పన్నెండేళ్ళు నేను చేసిందీ అదే.

మా కోర్టుకు వచ్చేవి టీకా వల్ల హాని జరిగిందనే కేసులు. ఈ కేసుల్లో లాయరు తన మనిషి దగ్గర ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. గెలిచినా ఓడినా, కేసు నిజాయితీగా, తగిన ఆధారంతో వేసి ఉంటే చాలు, లాయరు ఫీజు, నిపుణుడైన డాక్టరు ఖర్చు ప్రభుత్వ నిధి ఇస్తుంది. ఎంత ఇవ్వడం సబబో తేల్చేది ఈ కేసులు వినే న్యాయాధికారి, స్పెషల్ మాస్టర్ హేవర్‌క్యాంప్. ఆమె తేల్చేముందు బిల్లులో ప్రతి వరుసా చదివి, ఉంచాలో కొట్టెయ్యాలో చెప్పేది నేను, లా చదివి ఆమె దగ్గర క్లర్కుగా ఉన్నదాన్ని.

ఆర్వల్ స్టెనెరుడ్‌ది మిన్నెసోటాలో డులూత్. చర్చి ఆర్గన్లు శ్రుతి చేసేవాడు. రెండేళ్ళ కిందట అక్టోబరులో ఫ్లూ టీకా వేయించుకున్నాడు. ఆ నెలలోనే నరాల జబ్బు పట్టుకుంది. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, తర్వాత ఊపిరి. గొంతులో గొట్టం, పక్కన ఊపిరి మిషను. మాట పోయింది. ఒక్క వేలు కదిలేదట. ఈ జనవరిలో చనిపోయాడు. కూతురు మారిట్ ఆయన బదులు కేసులో నిలబడింది. ఏప్రిల్‌లో ఆమె లాయరే వచ్చి, రుజువు చెయ్యలేము, కేసు కొట్టెయ్యండి అని అడిగింది.

ఆ లాయరు పేరు వినిఫ్రెడ్ కెసాక్. వయసు డెబ్బై నాలుగు. హార్డ్‌వేర్ కొట్టు మీద ఒక గది ఆమె ఆఫీసు. సహాయకులు ఎవరూ లేరు.

నవంబరు 5, మంగళవారం

లాయర్లు గంటను పది ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క ఆరు నిమిషాలు. అంతకంటే చిన్న ముక్క లేదు.

కెసాక్ బిల్లు శుభ్రంగా ఉంది. ప్రయాణానికి సగం రేటే వేసుకుంది. జిరాక్సు తీసిన పనికి అసలు వేసుకోలేదు. రేటు కూడా మా కోర్టు ఉన్న వాషింగ్టన్‌ది కాదు, డులూత్‌దే అడిగింది.

ఒక్కటే చిక్కు. ప్రతి గురువారం ఒకే వరుస. "ఫోన్, క్లయింటుతో, 0.1." ఏడాది పొడవునా. అప్పటికే ఆ మనిషికి మాట లేదు.

పక్క గదిలో క్లర్కు లయొనెల్‌కు చూపించాను. నవ్వాడు. "మాట రాని మనిషితో వారం వారం ఫోనా? మా ఆవిడ అమ్మగారితో నా ఫోను కూడా అచ్చం అంతే. నేను మాత్రం బిల్లు వెయ్యట్లేదు."

ప్రభుత్వం వైపు లాయరు మిస్టర్ గార్వే జవాబు నిన్ననే వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే. ఫీజు ఎంత అనేది స్పెషల్ మాస్టర్ విచక్షణకే వదిలేస్తున్నాం. ప్రతి కేసులోనూ వాళ్ళు ఇదే పంపుతారు. ఎవరూ అభ్యంతరం చెప్పరు, ఎవరూ ఔననరు. ఎదుటి పక్షం ఊరుకుంటుంది కనుక, అనుమానించే పని నా ఒక్కదానిదే అవుతుంది.

నవంబరు 7, గురువారం

ఫోను వరుసలన్నీ కొట్టెయ్యమని డ్రాఫ్టు రాశాను. "మాట్లాడలేని వ్యక్తితో సంభాషణలు. ఏం పని జరిగిందో తెలియదు."

మూడు గంటలకు నా బల్ల మీద ఫోను మోగింది. నాకు ఫోనంటే భయం. రెండుసార్లు హలో అన్నాను. అవతల ఎవరూ మాట్లాడలేదు. గాలి లోపలికి వెళ్ళిన చప్పుడు, చిన్న టిక్కు, గాలి బయటికి వచ్చిన చప్పుడు. మళ్ళీ అదే. పై అంతస్తు నుంచి ఎవరైనా వేడి గాలి పైపుల గురించి ఫోను చేస్తున్నారేమో అనుకున్నాను.

పెట్టేశాను.

నవంబరు 12, మంగళవారం

నిన్న సెలవు. ఇవాళ తేదీలు సరిచూశాను. ముందే చెయ్యాల్సింది.

స్టెనెరుడ్ చనిపోయింది జనవరి 9, బుధవారం. మరణ ధ్రువపత్రం ఫైల్లోనే ఉంది. మరునాడు గురువారం, బిల్లులో "ఫోన్, క్లయింటుతో, 0.1." ఆ తర్వాతి గురువారం కూడా. ఆ తర్వాతిది కూడా. అలా ఫిబ్రవరి 21 దాకా. ఆ రోజు మాత్రం 0.5. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

క్యాలెండరు తీసి మళ్ళీ సరిచూశాను.

లయొనెల్ నా భుజం మీదుగా చూశాడు. "ఓహో! పోయినాయనకి కూడా మీటరు తిప్పిందా ముసలామె? ఏమ్మా మఠం పిల్లా, ఇక నీ చేతిలో పడింది. అయిపోయింది ఆమె పని."

అతను నవ్వుతూనే అన్నాడు గాని, మాట నిజం. ఒక గంట ఎక్కువ రాసుకుంటే కోత పెడతాం. జరగని పని రాసుకుంటే కోత కాదు, మోసం. స్పెషల్ మాస్టర్ మిన్నెసోటా బార్‌కు, అంటే లాయర్ల మండలికి, రాస్తారు. లైసెన్సు పోతుంది. నలభై ఏళ్ళకు పైగా ఈ పని చేసిన మనిషి పేరు పక్కన ఆ ఒక్క మాట నిలిచిపోతుంది. ఆమె పేరు కొట్టి వెతికినవాళ్ళకు ముందుగా కనిపించేది అదే.

నవంబరు 13, బుధవారం

తేదీలు టైపు చెయ్యడంలో పొరపాటు అయి ఉండాలి. ముసలావిడ.

నవంబరు 14, గురువారం

టైపు పొరపాటు కాదు.

నిపుణుడి బిల్లు తీశాను. డాక్టర్ రుడ్నిక్, బోస్టన్, నరాల వైద్యుడు. అతని రేటు ఎక్కువా కాదా చూడటానికే తీశాను. రేటు సబబే. ఇలాంటి కేసుల్లో ఇంకా ఎక్కువ అడిగినవాళ్ళు ఉన్నారు. లాయరూ డాక్టరూ మాట్లాడుకున్న ఒకే ఫోనుకు ఇద్దరూ డబ్బు అడుగుతారు కనుక రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి కలుస్తాయో లేదో చూడటం మా అలవాటు. చాలాసార్లు కలవవు. ఒకరు అరగంట అంటే ఒకరు ముప్పావు గంట అంటారు.

ఇవి కలిశాయి.

"ఫిబ్రవరి 21. లాయరు, పేషెంటులతో ఫోన్ సమావేశం. 0.5. జబ్బు మొదలైన రోజు గురించి అడిగాను. పేషెంటు అన్ని ప్రశ్నలకూ స్పష్టంగా జవాబిచ్చాడు."

డాక్టరు ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. అతనికి పంపిన ఆసుపత్రి కాగితాలు అంతకు ముందటి అక్టోబరు దాకానే ఉన్నాయి. ఆయన పోయాడని అతనికి ఎవరూ చెప్పలేదనుకుంటాను. ఏదీ దాచిపెట్టాలని లేని మనిషి రాసిన వాక్యం అది.

మూడు గంటలకు ఫోను మోగింది. ఎత్తలేదు. ఎంతకీ ఆగకపోతే లయొనెల్ వచ్చి ఎత్తాడు. కాసేపు విన్నాడు. అతని ముఖంలో నవ్వు మెల్లగా తగ్గింది.

"ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. నీకే అయి ఉంటుంది," అని రిసీవరు నాకు ఇవ్వకుండా పెట్టేశాడు. ఇవాళ నన్ను మఠం పిల్లా అనలేదు.

నవంబరు 18, సోమవారం

స్పెషల్ మాస్టర్‌కు రెండు బిల్లులూ చూపించాను. ఆమె మధ్యాహ్నం ముల్లంగి ముక్కలు ఉప్పుతో తింటారు, చదువుతూ తింటారు. ఇవాళ తినడం ఆపారు.

"ఇది ఇంకెవరైనా చూశారా?"

"లయొనెల్‌కి తెలుసు మేడమ్."

"గార్వే?"

"ఆయన చదవరు కదా మేడమ్."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మాకొక వెసులుబాటు ఉంది. ప్రతి వరుసా తవ్వి కారణం చెప్పక్కర్లేదు. మొత్తం మీద ఇంత శాతం అని కోసి, అనుభవాన్ని బట్టి ఇది సబబు అని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆమె అదే అన్నారు. "పది శాతం తీసెయ్యి. ఎందుకో రాయకు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఎవరికీ తెలియదు, ఆవిడా అడగదు. ఇంటికి పోయి ప్రశాంతంగా పడుకుందాం అందరం."

నేను తలూపి తలుపు దాకా వెళ్ళాను. తర్వాత వెనక్కి తిరిగాను. నా గొంతు నాకే వినిపించనంత చిన్నగా వచ్చింది. ఆమె అబద్ధం రాసి ఉంటే పది శాతం చాలదని, నిజం రాసి ఉంటే ఒక్క శాతం కోసినా తప్పేనని అన్నాను.

"నిజమా? ఎలా నిజమవుతుందమ్మా అది?"

తెలియదన్నాను.

ఆమె కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "సరే. సంజాయిషీ అడుగుతూ ఆర్డరు రాయి. మర్యాదగా రాయి. కానీ సరైన జవాబు రాకపోతే బార్‌కు నేనే ఉత్తరం రాస్తానని కూడా రాయి. తర్వాత నువ్వు బాధపడితే నేను వినను."

రాశాను. మర్యాదగానే రాశాను. ఒకరి బతుకును అంత మర్యాదగా తుంచెయ్యవచ్చని నాకు తెలియదు.

నవంబరు 21, గురువారం

మూడు గంటలకు కావాలనే కిందికి వెళ్ళి పార్కులో కూర్చున్నాను. చలి. ఉడతలు.

తిరిగి వచ్చేసరికి నా ఫోను రిసీవరు తీసి బల్ల మీద పెట్టి ఉంది. నేను తియ్యలేదు. లయొనెల్ సెలవులో ఉన్నాడు.

నవంబరు 25, సోమవారం

కెసాక్ జవాబు వచ్చింది. నాలుగు వాక్యాలు.

నా వరుసలు సరైనవే. అందులో ప్రతి నిమిషమూ నేను ఫోనులో ఉన్నాను. కాగితం మీద ఇంతకంటే చెప్పలేను. పిలిస్తే నోటితో చెబుతాను.

ప్రమాణం చేసి సంతకం పెట్టింది. అంటే ఇప్పుడు అది అబద్ధమైతే బార్‌తో కూడా ఆగదు.

లయొనెల్ చదివి అన్నాడు. "పొరపాటైందని ఒక్క ముక్క రాస్తే వదిలేసేవాళ్ళం కదా. ఈ ముసలాళ్ళకి ఎందుకింత పొగరు?"

స్పెషల్ మాస్టర్ ఫోన్ విచారణ పెట్టమన్నారు. గార్వేకు వీలైన సమయం ఒక్కటే దొరికింది. డిసెంబరు 5, మూడు గంటలకు. నేను కోరి పెట్టింది కాదు.

అది గురువారం.

నవంబరు 28, గురువారం, రాత్రి

థాంక్స్‌గివింగ్. బాల్టిమోర్‌లో అమ్మ దగ్గరే ఉన్నాను. టర్కీ, పక్కన ఎప్పటిలా పులిసిన క్యాబేజీ. మేనత్త నా పెళ్ళి గురించి, నేను మాట్లాడకపోవడం గురించి. "కోర్టులో కూడా ఇలాగే మూగమొద్దులా కూర్చుంటావా?" అంది. అలా కూర్చోడానికే జీతం ఇస్తారన్నాను. అందరూ నవ్వారు. నేను జోకు వెయ్యలేదు.

మూడు గంటలకు వంటగదిలో గోడ ఫోను మోగింది. నేను లేచేలోపు అమ్మ ఎత్తింది. హలో అంది. తర్వాత ఏమీ అనలేదు. తల పక్కకు వంచి, గరిటె చేతిలోనే పట్టుకుని, వింటూ నిలబడింది. పులుసు పొంగి పొయ్యి మీద పడింది. అయినా కదల్లేదు.

ఎవరమ్మా అన్నాను.

"ఎవరో పెద్దాయన. పాపం, ఊపిరి ఆడట్లేదు. ఏదో చెప్పాలని ఉన్నట్టుంది. తొందర పెట్టకూడదు."

ఇంకాసేపటికి తనే పెట్టేసింది. భయపడినట్టు లేదు. తప్పు నంబరు అయి ఉంటుందంది. మిషను చప్పుడు వినిపించిందా అని అడిగాను. వినిపించిందట. మా తాతకు చివరి రోజుల్లో అలాంటిదే పెట్టారట.

ఈ ఇంటి నంబరు ఆఫీసులో ఎవరి దగ్గరా లేదు.

డిసెంబరు 5, గురువారం

రాసేస్తాను. వరుసగా రాస్తాను.

ఫోన్ విచారణలకు మాకొక నంబరు ఉంది. ఎవరు లైన్‌లోకి వచ్చినా, వెళ్ళిపోయినా గంట ఒకటి మోగుతుంది. స్పెషల్ మాస్టర్ ఆమె గదిలోంచి, నేను నా గదిలోంచి చేశాం. ఎప్పుడూ అంతే. నాది ఒక గంట. ఆమెది ఒకటి. గార్వేది ఒకటి. అతను యువకుడు, ఎప్పుడూ ఏదో నములుతున్నట్టు మాట్లాడతాడు. తర్వాత కెసాక్ గొంతు. సన్నగా, పొడిగా, నిదానంగా. "వినిఫ్రెడ్ కెసాక్నండి, డులూత్ నుంచి. ఇక్కడ మంచు పడుతోంది, లైను బాగుంటుందో లేదో."

స్పెషల్ మాస్టర్ కేసు పేరు చదివారు. చదవడం పూర్తయ్యేలోపు ఇంకో గంట మోగింది.

"ఇప్పుడెవరు వచ్చారు?"

ఎవరూ పలకలేదు.

"గార్వే గారూ, మీ వాళ్ళా?"

"మా వైపు నేనొక్కణ్ణే మేడమ్."

అప్పుడు వినిపించింది. గాలి లోపలికి. టిక్కు. గాలి బయటికి.

"స్టెనెరుడ్ గారు వచ్చారండి," అంది కెసాక్. ఆశ్చర్యమేమీ లేదు ఆ గొంతులో. ఇంటికి రావాల్సిన మనిషి గుమ్మంలోకి వచ్చినట్టే ఉంది.

"మారిట్ స్టెనెరుడా?"

"కాదండి. వాళ్ళ నాన్నగారు."

మిషను దాని పని అది చేసుకుంటూ పోయింది.

"కెసాక్ గారూ, ఇది కోర్టు. ఇలాంటివి నాకు నచ్చవు."

"మొదట్లో నాకూ నచ్చలేదండి."

స్పెషల్ మాస్టర్ ఫోను పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు. చెప్పండి అన్నారు.

కెసాక్ చెప్పింది. ఆసుపత్రిలో నర్సు గురువారం మూడు గంటలకు ఫోను కలిపి రిసీవరు ఆయన చేతి దగ్గర దిండు మీద పెట్టేదట. ఆయన వేలితో కొట్టేవాడు. ఔనంటే ఒకటి, కాదంటే రెండు. బాగున్నారా, నొప్పి ఉందా, కూతురు వచ్చిందా, అంతే. రెండు నిమిషాల్లో అయిపోయేది.

"మరి ఆరు నిమిషాల బిల్లు వేశారు," అన్నారు స్పెషల్ మాస్టర్.

"అంతకంటే చిన్న ముక్క లేదు కదండీ మీ లెక్కలో. రెండు నిమిషాలు మాట్లాడి ఆరు వేసుకుంటే అది దొంగతనం. అందుకని మిగతా నాలుగు నిమిషాలూ అలాగే లైన్‌లో ఉండేదాన్ని. ఆయనా ఉండేవాడు. ఏం చేస్తాం, ఇద్దరం ఊపిరి పీల్చుకునేవాళ్ళం."

గార్వే గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క ప్రశ్న అడగాలండి ఆయన్ని. కాళ్ళు తిమ్మిరెక్కడం టీకాకి ముందా, తర్వాతా? కాగితాల్లో ఎక్కడా లేదు. ఆయనొక్కడికే తెలుసు. ఏడాది పాటు ఆయన లైన్‌లో ఉన్నాడు, నేను అడగలేదు. జవాబు ఏమొస్తుందోనని భయం. ఏ వారానికావారం పై వారం అడుగుదాంలే అనుకున్నాను. ఇంతలో పోయాడు."

మిషను. టిక్కు.

"మర్నాడు మూడింటికి ఫోను మోగింది. నర్సు అలవాటుగా చేసిందనుకున్నాను. తర్వాత కనుక్కుంటే ఆ మంచం అప్పటికే ఖాళీ చేశారట."

"మీరు వెంటనే పెట్టెయ్యలేదా?"

"పెట్టేద్దామనుకున్నానండి. అప్పటికి రెండు నిమిషాలే అయింది."

ఎవరూ నవ్వలేదు. ఆమె నవ్వించడానికి అనలేదు కూడా.

ఆరు వారాలు అలాగే వచ్చాడట. ఆమె అడగలేదు, ఆయన కొట్టలేదు. ఏడో వారం ఇక భరించలేక డాక్టరును కూడా లైన్‌లోకి పిలిచిందట. తను అడగలేనిది డాక్టరు అడుగుతాడని. డాక్టరుకు విషయం చెప్పలేదు. అది తన తప్పే అంది. డాక్టరు అడిగాడు. టీకా తర్వాతా? రెండు దెబ్బలు. ముందా? ఒకటి. ఆర్గన్ కింద పెడల్ తొక్కుతుంటే వేళ్ళు తెలియలేదా? ఒకటి. అంతకు ముందు కడుపు పాడైందా? ఒకటి. చర్చిలో అందరూ తలా ఒకటి వండి తెచ్చుకునే విందులో, కోడి మాంసం తిన్నాకా? ఒకటి. అలాంటి కడుపు జబ్బు తర్వాత ఈ నరాల జబ్బు రావడం మామూలేనని డాక్టరు చెప్పాడు. టీకాకు నాలుగు రోజుల ముందే జబ్బు మొదలైంది.

"మారిట్‌కి చెప్పాను. అంతా చెప్పాను. ఒక్కటే అడిగింది. నాన్నే చెప్పాడా అని. ఆయనే అన్నాను. అయితే ఆపెయ్యండి అంది. ఆపేశాను. ఆ రోజు నుంచి మళ్ళీ ఫోను రాలేదు. అబద్ధం చెప్పేవాళ్ళు గెలవడానికి చెబుతారు కదండీ మేడమ్. నేను ఆయన మాట పట్టుకుని ఓడిపోయాను. ఆ గంటల్లో నేను చేసిన పని నిజంగా అదొక్కటే. దాన్ని కొట్టేసుకుంటే నేనింకేం చేసినట్టు?"

స్పెషల్ మాస్టర్ గార్వేను అడిగారు, ప్రభుత్వం ఏమంటుందని.

"ప్రభుత్వం... అంటే మేడమ్..." చాలాసేపు అతని ఊపిరి కూడా వినిపించింది. "మీ విచక్షణకే వదిలేస్తున్నాం."

అప్పుడు ఆమె గొంతు మారింది. సాక్షి బోనులో ఉన్నప్పుడు మాట్లాడే గొంతు అది.

"స్టెనెరుడ్ గారూ. మీ కేసు ముగిసింది. దాన్ని తెరిచే అధికారం నాకు లేదు. మీకు ఇప్పుడేం జరుగుతోందో అడిగే అధికారమూ లేదు. నా ముందున్నది బిల్లొక్కటే. మీ లాయరు రాసుకున్న గంటలు నిజమేనా?"

గాలి లోపలికి. గాలి బయటికి. లోపలికి. బయటికి.

టక్.

మేము ఎదురు చూశాం. రెండోది వస్తే కాదని. కెసాక్ ఊపిరి బిగపట్టింది, నాకు తెలిసింది, ఎందుకంటే లైన్‌లో ఒక ఊపిరి తగ్గింది. మిషను ఒకసారి తిరిగింది. మళ్ళీ తిరిగింది. మళ్ళీ.

రెండోది రాలేదు.

కెసాక్ ఏడవడం మొదలుపెట్టింది, చప్పుడు లేకుండా ఏడుస్తున్నానని అనుకుంటూ.

ఇక పెట్టెయ్యవచ్చు. ఎవరూ పెట్టలేదు. కాసేపయ్యాక స్పెషల్ మాస్టర్ మెల్లగా అడిగారు, "ఇంకా ఎంతుందండీ?"

"ఆయన వచ్చి అరగంట దాటిందండి. ఈ ముక్క పూర్తి కావడానికి రెండు నిమిషాలు."

నలుగురమూ ఉన్నాం. నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు, నా వంతు ఎప్పుడూ రాదు. కానీ ఫోను చెవికి ఆనించుకుని ఉన్నాను. భయం పోలేదు. భయం ఉండగానే ఉన్నాను.

తర్వాత ఒకరు వెళ్ళిపోయినట్టు గంట మోగింది.

డిసెంబరు 6, శుక్రవారం

స్పెషల్ మాస్టర్ పిలిచారు. రాత్రి నిద్రపోయినట్టు లేరు. అడిగిన ఫీజు పూర్తిగా ఇమ్మన్నారు. డాక్టరు ఖర్చు కూడా. ఫోను వరుసలు ఒక్కటీ తియ్యకూడదు. ఎందుకు ఇచ్చామో రాయాలి కదా అన్నాను. ఎప్పుడూ రాసేదే రాయమన్నారు. బిల్లులు పరిశీలించాను, గంటలు సబబుగా ఉన్నాయి.

అది నిజమే. ఇంతకుముందు రాసినప్పుడెప్పుడూ ఇంత నిజంగా రాయలేదు.

మిగిలింది విచారణ మినిట్స్. లైన్‌లో ఎవరెవరు ఉన్నారో రాసి రికార్డులో పెట్టడం నా పని. తీర్పు అందరికీ కనబడేలా పెడతారు. రేపు ఎవరో ఒకరు, బిల్లు చూసి తేదీలు కలిపేవాళ్ళు ఒకరు, చనిపోయిన మనిషితో ఫోన్లున్నాయని పట్టుకుంటారు. నేను పట్టుకున్నాను కదా. అప్పుడు వాళ్ళు మినిట్స్ తీస్తారు. నలుగురే ఉన్నారని ఉంటే, కెసాక్ చెప్పినదానికి సాక్షి ఉండడు. స్పెషల్ మాస్టర్ జాలిపడి వదిలేశారని అనుకుంటారు. బార్‌కు వాళ్ళు రాస్తారు.

ఐదుగురని ఉంటే, నాకు పిచ్చి అనుకుంటారు.

స్పెషల్ మాస్టర్‌ను అడిగాను. "మినిట్స్ క్లర్కు రాస్తుంది. నేను దిద్దను. ఏనాడూ దిద్దలేదు," అన్నారు. కటువుగా అన్నట్టే ఉంది గాని, నా వంక చూడలేదు.

లయొనెల్ తలుపు దగ్గర నిలబడ్డాడు. నవ్వు లేదు. "నలుగురని రాయి తల్లీ. ఐదోసారి గంట మోగిందంటే లైన్‌లో ఏదో తేడా. ఇంకో రెండేళ్ళలో నువ్వు మంచి ఉద్యోగం వెతుక్కోవాలి. నీ పేరు కొడితే ఇదే వస్తుంది. ఇక జన్మంతా దయ్యాల క్లర్కంటారు."

నువ్వూ విన్నావు కదా, ఆ రోజు, అని అడిగాను.

"నేనేం వినలేదు," అన్నాడు. తలుపు దగ్గరగా వేసి, "విన్నాను. అందుకే చెబుతున్నా," అన్నాడు.

డిసెంబరు 7, శనివారం

ఏమీ రాయలేదు. ఇల్లు తుడిచాను.

డిసెంబరు 9, సోమవారం

మినిట్స్ ఫైల్ చేశాను.

నాలుగు పేర్ల కింద ఆయన పేరు టైపు చేశాను. ప్రతి పేరు పక్కనా ఎవరి తరఫున హాజరయ్యారో రాయాలి. ఖాళీగా వదిలితే కంప్యూటరు తీసుకోదు. కూతురి తరఫున కాదు. లాయరు తరఫున అని కొట్టి, చెరిపేశాను.

తన తరఫున.

తీసుకుంది.